గ్రంథము వెనుక ఉన్న ఉత్తరములు



శతాబ్ది సందర్భమున మన అధ్యక్ష మండలములోని దేవాలయములను, పాఠశాలలను, ఆసుపత్రులను గూర్చి అనేకులు మాట్లాడుచున్నారు. మేము చిన్న విషయము నొకటి ఎన్నుకొంటిమి. ప్రాచీన గ్రంథములను తర్జుమా చేసి అచ్చువేయించిన పండితులు ఒకరికొకరు వ్రాసికొనిన ఉత్తరములే ఆ విషయము. ప్రతి ఆదివారము మనము చేతబట్టుకొని వచ్చు తెలుగు బైబిలు ఒక్క మనిషి ఒక్క గదిలో కూర్చుండి వ్రాసినది కాదు. అడిగినవారు, జవాబు చెప్పినవారు, ప్రతులు పంపినవారు, తప్పు చూపినవారు, ఇందరు కలిసినందువలననే అది మన చేతికి వచ్చినది.

మొదట పాత సంగతి ఒకటి. పదహారు వందల సంవత్సరముల క్రిందట బెత్లెహేములో నివసించిన జెరోము అను పండితుడు హెబ్రీ మూలమునుండి పాత నిబంధనను లాటిను భాషలోనికి తర్జుమా చేసెను. ఉత్తర ఆఫ్రికాలో హిప్పో పట్టణపు బిషప్పైన అగస్టీను ఆయనకు ఉత్తరములు వ్రాయుచుండెను. 403 ప్రాంతమున వ్రాసిన ఒక ఉత్తరములో అగస్టీను ఒక అల్లరిని గూర్చి తెలిపెను. నేటి లిబియా దేశములోనున్న ఓయా పట్టణపు సంఘములో జెరోము క్రొత్త తర్జుమాను చదివిరట. యోనాకు నీడనిచ్చిన మొక్క పేరు అందులో మారియుండెను. తరతరములుగా సొరపాదు అని విన్న చెవులకు ఐవీ తీగ అని వినబడగా జనులు సహింపలేదు. అక్కడి యూదులను అడుగగా వారును పాత మాటయే సరియనిరట. తన సంఘము చెదరిపోవునని భయపడి ఆ బిషప్పు మాటను దిద్దుకొనవలసి వచ్చెను.

జెరోము జవాబు వ్రాసెను. ఆ హెబ్రీ పేరుగల మొక్కకు లాటినులో పేరు లేదు. దాని ఆకులు వెడల్పు. అది ప్రాకక తన కాండము మీదనే నిలుచును అని వివరించెను. నేటి పండితులలో పలువురు అది ఆముదపు చెట్టు అయియుండునని అందురు. మన తెలుగు బైబిలులో అది సొరచెట్టు. ఒక్క మొక్క పేరు కొరకు సముద్రము దాటి ఉత్తరములు నడిచినవి. అంతకుముందు అగస్టీను వ్రాసిన ఒక ఉత్తరము జెరోముకు చేరకముందే ఇతరుల చేతులలో పడి, ఆయన మనస్సు నొచ్చుకొనెను. అయినను ఇద్దరును వ్రాయుట మానలేదు. ఆ ఉత్తరములను భద్రపరచిరి గనుకనే మనము నేడు వాటిని గూర్చి మాట్లాడగలుగుచున్నాము.

ఇక మన తెలుగు దేశమునకు వత్తము. జర్మనీ దేశస్థుడైన బెంజమిన్ షుల్జు 1726లో మద్రాసు వచ్చి తెలుగు నేర్చుకొని, 1732 నాటికి బైబిలు తర్జుమా ముగించెను. ఆ వ్రాతప్రతులు జర్మనీలోని హాలే నగరమునకు చేరెను గాని అచ్చు కాలేదు. 1746, 1747 సంవత్సరములలో హాలేలో ఆయన చిన్న తెలుగు పుస్తకములు కొన్ని వెలువడెను. తెలుగులో మొట్టమొదట అచ్చయిన పుస్తకములు అవియే. కాని పెద్ద పని పెట్టెలోనే ఉండిపోయెను. వ్రాయువాడు ఉండిన చాలదు. దానిని అందుకొని ముందుకు నడిపించు చేతులు కూడ ఉండవలెను.

1805లో లండను మిషను సొసైటీకి చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డె గ్రాంజెస్ విశాఖపట్టణము వచ్చిరి. బ్రాహ్మణ కుటుంబములోనుండి క్రీస్తును అంగీకరించిన ఆనందరాయరు వారికి తర్జుమా పనిలో తోడైయుండెను. 1809లో క్రాన్, 1810లో డె గ్రాంజెస్ ప్రభువునందు నిద్రించిరి. పని అక్కడితో ఆగిపోవలసినది. అయితే వారి వ్రాతప్రతి బెంగాలులోని శ్రీరాంపూరుకు చేరినందున మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో అక్కడ అచ్చయ్యెను. ఆ సంవత్సరమే మార్చి 11వ తేదీన శ్రీరాంపూరు ముద్రణాలయము అగ్నికి ఆహుతియై, కాగితము, అక్షరములు, వ్రాతప్రతులు ఎన్నో కాలిపోయెను. అక్షరములు చెక్కిన ఉక్కు అచ్చులు బూడిదలో మిగిలియుండుటచేత మరల అక్షరములు పోతపోసి పని సాగించిరి. తరువాత 1818 ప్రాంతమున శ్రీరాంపూరులో కేరీగారి క్రొత్త నిబంధనయు, విశాఖపట్టణపు ప్రిచెట్టుగారి క్రొత్త నిబంధనయు దాదాపు ఒకే కాలమున వెలువడెను. ఒకే భాషకు, ఒకే గ్రంథమునకు రెండు తర్జుమాలు! ఏ మాట మన జనులకు అర్థమగును అను ప్రశ్నకు ఇద్దరు పెద్దలు రెండు జవాబులు ఇచ్చిరన్నమాట.

ఈ ప్రశ్నను బైబిలుకు వెలుపల అడిగిన మహనీయుడు చార్లెసు ఫిలిప్ బ్రౌన్. ఆయన 1798లో కలకత్తాలో ఒక పాదిరిగారి కుమారుడుగా పుట్టెను. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చి తెలుగు గ్రంథములను వెదకుట మొదలుపెట్టెను. అప్పటికి అనేక కావ్యములు తాటియాకులమీద చెదలకు ఆహారమగుచుండెను. ఆయన ఊరూర పండితులకు, స్నేహితులకు జాబులు వ్రాసి, ఒకే గ్రంథమునకు ఎన్ని ప్రతులు దొరకునో అన్నియు తెప్పించెను. వ్రాయసకాండ్రు వాటిని కాగితముమీదికి ఎత్తి వ్రాసిరి. పండితులు పాఠములను పోల్చి ఏది సరియో నిర్ణయించి, టీకలు చెప్పిరి. జూలూరి అప్పయ్యగారు, వఠ్యం అద్వైత బ్రహ్మయ్యగారు ఈ పనిలో ముఖ్యులు. వీరి జీతములను బ్రౌన్ తన జీతములోనుండియే ఇచ్చి అప్పుల పాలయ్యెను. 1829లో వేమన పద్యములు 693 ఆంగ్లానువాదముతో అచ్చయ్యెను. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడెను. 1884లో ఆయన లండనులో మరణించెను.

ఆయనకు వచ్చిన జాబులు మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయములో నిలిచియుండెను. బంగోరె అను పేర ప్రసిద్ధుడైన బండి గోపాలరెడ్డిగారు 1970వ దశకములో వాటిలో కొన్నిటిని వెలికితీసి ప్రచురించిరి. నూరేండ్లకు పైగా మూతపడిన మాటలు మరల వినబడెను. కడపలో బ్రౌన్ నివసించిన చోట నేడు ఆయన పేర గ్రంథాలయము నిలిచియున్నది. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు దానికొరకు ఎంతో శ్రమపడిరి.

ప్రియులారా, ఇందులో మనము గమనింపవలసిన సంగతి ఒకటి కలదు. పుస్తకము ముఖపత్రముమీద ఒక పేరు ఉండును. జాబులలో అనేకుల పేర్లు ఉండును. జాబులు నశించిన యెడల మిగిలినవారి పేర్లును నశించును. ఆనందరాయరు వంటివారి పేరు మనకు దక్కినది మిషనరీలు ఇంటికి వ్రాసిన లేఖలవలననే. మాట చెప్పి అర్థము విప్పిన మరి ఎందరి పేర్లు పోయినవో! వారిలో మన విశ్వాసమునకు చెందని పండితులును ఉండిరి. మన ప్రక్కనే గోదావరి ఒడ్డున మంథని వేదపండితుల ఊరుగా పేరుపొందినది. అట్టి విద్యావంతులయెడల మనకు కృతజ్ఞత ఉండవలెను.

మన గనులలో పద్ధతి మనకు తెలిసినదే. లోనికి దిగు ప్రతి మనిషి పేరు హాజరు పుస్తకములో ఎక్కును. దీపముల గదిలో దీపము తిరిగి రాకపోయిన, ఎవరు లోపల నిలిచిపోయిరని వెంటనే విచారింతురు. సర్దారు పేరు ఒక్కటి వ్రాసి కూలీల పేర్లు విడిచిపెట్టరు. సంఘ చరిత్రకు ఆ మాత్రము జాగ్రత్త అక్కరలేదా?

గోదావరిఖనికి, రామగుండమునకు మన కుటుంబములు అనేక జిల్లాలనుండి వచ్చినవి. కోస్తా నుండి వచ్చినవారు ఉన్నారు. కరీంనగరు, ఆదిలాబాదు, వరంగల్లు పల్లెలనుండి వచ్చినవారు ఉన్నారు. యోనా సొరచెట్టును గూర్చి చదువునప్పుడు ఒకరికి ఆనపకాయ, మరియొకరికి ఆనిగెపుకాయ మనస్సుకు వచ్చును. ఒకరి మాట విని మరియొకరు నవ్వుట మనలో లేకపోలేదు. అగస్టీను, జెరోములు చేసినట్లు అడిగి తెలిసికొనుట మేలు కాదా?

మరియొక సంగతి. ఉద్యోగ విరమణ అయినప్పుడు కంపెనీ క్వార్టరు ఖాళీ చేయవలెను. ఆ దినమున మంచములు, బీరువాలు బండి ఎక్కును. పాత ట్రంకుపెట్టెలోని కాగితములు తూకమునకు పోవును. వాటిలో పాదిరిగారు తాతకు వ్రాసిన ఉత్తరము ఉండవచ్చును. బైబిలు స్త్రీ చేతివ్రాతలోని పాటల పుస్తకము ఉండవచ్చును. ఏ ఇంట మొదటి ప్రార్థన కూటము జరిగినదో తెలుపు కార్డు ముక్క ఉండవచ్చును. ఇప్పుడు ఉత్తరముల కాలము గతించినది. సెల్‌ఫోనులో వచ్చిన సందేశము ఫోను చెడిపోగానే పోవును. కావున చేతిలో ఉన్నవాటి విలువ మరింత హెచ్చినది.

అందుచేత మేము కోరునది ఇది. తూకమునకు వేయకముందు ఒక్కసారి తిరుగవేయుడి. వ్రాసినవారెవరో, ఎవరికి వ్రాసిరో, ఏ సంవత్సరమో వేరొక చీటీమీద వ్రాసి జతచేయుడి. మీ ఇంట ఉంచుకొనుటకు వీలులేనియెడల గురువుగారికి అప్పగించి, సంఘ పుస్తకములో నమోదు చేయించుడి. వృద్ధులు చెప్పు పేర్లను వారు ఉండగానే వ్రాసికొనుడి. రెండవ శతాబ్ది సంచిక వ్రాయువారికి ఆ చీటీలే ఆధారము.

దేవుడు మన పనిని దీవించునుగాక.