తలకు తగిలిన దెబ్బ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగ ఈ గ్రంథాలయమున పుస్తకములు తీసికొని చదివినవారిలో నేనొకడను. కళాశాల మెట్లెక్కినవాడను కాను. ఈ ఊరి లెక్కలు వ్రాసి కాలము గడుపువాడను. పగలు పద్దులు, రాత్రి భారత భాగవతములు. ఇంతియే నా చదువు. కార్యనిర్వాహకులు నన్ను మాటాడుమని కోరినప్పుడు, నేను తిక్కన గారిని గూర్చి చెప్పుదునని పలువురు తలంచి యుందురు. కాని రేపటినుండి ఈ ఉత్సవము పేరిట మన యువకులు కబడ్డీ పోటీలు ఆడనున్నారు. ఆటలలో తలకు తగులు దెబ్బలను గూర్చి నాకొక మాట చెప్పవలసియున్నది. అది నేడే చెప్పవలెను. పోటీలు ముగిసిన పిదప చెప్పిన ప్రయోజనము లేదు.

మొదట నా తప్పు నేను చెప్పుకొందును.

నేడు కొత్తగూడ యన్నచో అద్దాల మేడలును, వంతెనయు, బొటానికల్ గార్డెనును అందరికి జ్ఞప్తికి వచ్చును. 1998లో సైబర్ టవర్సు వెలసినది. అంతకుముందు ఇచ్చట రాతి గుట్టలును, చేలును ఉండెడివి. 1989 సంక్రాంతినాడు అట్టి యొక చేనిలో మేము కబడ్డీ పోటీ పెట్టితిమి. నేను పాయింట్లు వ్రాయుచుంటిని. మా పినతండ్రి కుమారుడు, పదునేడేండ్లవాడు, కూతకు వెళ్లెను. ఎదుటి జట్టువారు పట్టు పట్టగా, ఒకని మోకాలు వీని చెవి వెనుక బలముగ తగిలెను. వాడు పడెను. రక్తము లేదు. కన్నులు తెరచియే యుండెను. అరనిమిషములో లేచి నాయొద్దకు వచ్చి, "అన్నా, మనవి ఎన్ని పాయింట్లు?" అని అడిగెను. చెప్పితిని. రెండు నిమిషములలో మరల వచ్చి అదే మాట అడిగెను. మూడవసారియు అడిగెను. మేమందరము నవ్వితిమి. ముఖముపై సోడా చల్లి, వీపు తట్టి, "మగవానికి ఇదొక దెబ్బయా?" అని మరల బరిలోనికి పంపితిమి. ఒక్క పాయింటుతో గెలిచితిమి. వానికి పూలదండ వేసితిమి.

ఆ రాత్రి వాడు రెండుసారులు వాంతి చేసికొనెను. అరిసెలు ఎక్కువ తినెనని ఇంటివారనుకొనిరి. తరువాత కొన్ని వారములు వెలుతురు చూడలేకపోయెను. పుస్తకము తెరచిన తల నొచ్చుచున్నదనెను. ఆ యేటి ఇంటర్మీడియేట్ పరీక్ష తప్పెను. సోమరి యని అందరును తిట్టితిమి. తిట్టినవారిలో నేను మొదటివాడను. ఆనాటి పాయింట్లన్నియు నా పుస్తకమున సరిగానే యున్నవి. ఆ దెబ్బ మాత్రము నేను వ్రాయలేదు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఈ గ్రంథాలయమందే ఒక పత్రికలో ఇట్టి దెబ్బను గూర్చి చదివి, నాటి సంగతులన్నియు వరుసగ జ్ఞప్తికి రాగా, ఆ తమ్ముని యింటికి పోయి చెప్పితిని. ఆతడు నవ్వి, "అన్నా, తల పని చేస్తలేదని నేనప్పుడే చెప్పిన. మీరెవరూ నమ్మలేదు" అనెను. దేవుని దయవలన ఆతడు నేడు క్షేమముగ నున్నాడు. పరీక్ష ఆ దెబ్బవలననే తప్పెనని నేను ప్రమాణము చేయజాలను. కాని వాడు నిజము చెప్పినాడు, మేము వినలేదు. అందువలననే నేడు మీ యెదుట నిలిచితిని.

ఇట్టి దెబ్బను వైద్యులు కంకషన్ అందురు. మన ఊళ్లలో దిమ్మ తిరిగెనందుము. మెదడు గట్టి వస్తువు కాదు. అది గడ్డపెరుగువలె మెత్తనిదై, పుర్రె యను పాత్రలో నీటివంటి ద్రవమున నుండును. వేగముగ పోవు బండి హఠాత్తుగ ఆగినచో కుండలోని పెరుగు కదలునట్లు, తల ఒక్కసారి విసురుగ కదలినను, తిరిగినను లోపలి మెదడును కదలి సాగును. దానిలోని సన్నని నరపు పోగులు నలుగును. పుర్రె పగులనక్కరలేదు, రక్తము కారనక్కరలేదు, స్పృహ తప్పనక్కరలేదు. ఎక్స్‌రేలోను, సి.టి. స్కానులోను చాలసారులు ఏమియు కనబడదు. తల నొప్పి, వాంతి, కన్నులు మసకబారుట, తూలుట, అడిగినదే అడుగుట, మాట తడబడుట, ఊరక చిరాకు పడుట. ఇవియే దాని గురుతులు. తగిన విశ్రాంతి యిచ్చినచో పెక్కుమందికి కొన్ని దినములలో, లేక కొన్ని వారములలో నయమగును. అది మానకముందే రెండవ దెబ్బ తగిలినచో బాధ దీర్ఘమగును. అరుదుగానైనను, చిన్న వయసువారికి మెదడు వాచి ప్రాణమునకే మోసము వచ్చును.

మన హైదరాబాదు గర్వించు ఒక కథ చెప్పెదను. సయ్యద్ అబ్దుల్ రహీం గారు మన నగరమువారు. బడిపంతులుగ నుండి, హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టునకు శిక్షకులై, 1950 మొదలు 1954 వరకు వరుసగ అయిదేండ్లు రోవర్స్ కప్పు గెలిపించిరి. భారత జట్టునకును గురువైరి. 1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగినవి. అప్పటికే రహీం గారు క్యాన్సరుతో బాధపడుచుండిరి. ఆ క్రీడలలో థాయిలాండుతో ఆడునప్పుడు మన రక్షణ ఆటగాడు, పంజాబువాడు జర్నైల్ సింగ్ తలకు గాయమై ఆరు కుట్లు పడినవి. రహీం గారు ఆయనను వెనుకనుండి ముందునకు మార్చి సెమీఫైనలున ఆడించిరి. ఆయన గోలు చేసెను. సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో ఫైనలునను ఆయన గోలు చేసెను. మన దేశము 2-1తో గెలిచి స్వర్ణపతకము పొందెను. మరుసటి యేడు రహీం గారు పరమపదించిరి. 2024లో ఆయన కథ మైదాన్ అను హిందీ చలనచిత్రముగ వచ్చినది.

ఈ కథ విన్నప్పుడెల్ల నా ఒడలు పులకించును, ఇప్పుడును పులకించుచున్నది. ఆ మహనీయులను నిందించుట నా యుద్దేశము కాదు. ఆ కాలమున తెలిసినది అంతే. ప్రపంచ కప్పు పోటీలలో బదులు ఆటగానిని దింపుటకు 1970లో గాని అనుమతి రాలేదు. జర్నైల్ సింగు గారికి పిదప మెదడు జబ్బు వచ్చెననియు నేననుట లేదు. నేననునది ఒక్కటే. కుట్లు చర్మమునకు వేయుదురు. లోపలి మెదడు సంగతి కుట్లు చెప్పవు. 1962నాటి ఆ కథను వీరగాథగ చెప్పుకొని పెరిగిన మేము, 1989లో పదునేడేండ్ల పిల్లవానిని అదే వీరత్వము పేరిట బరిలోనికి త్రోసితిమి. స్వర్ణపతకము అక్కడ లేదు. ఒక పూలదండ యుండెను.

ఒక్కనాటి దెబ్బ మాట యిది. ఏండ్ల తరబడి తగులు దెబ్బల మాట వేరు. అమెరికాలో మార్ట్‌లాండ్ అను వైద్యుడు 1928లోనే, ముష్టియుద్ధము చేయువారు కొందరు కాలక్రమమున త్రాగినవారివలె తూలుటయు, మాట ముద్దయగుటయు గమనించి వ్రాసెను. 2002లో నైజీరియాలో పుట్టి అమెరికాలో పనిచేయుచున్న బెన్నెట్ ఒమాలు అను వైద్యుడు, మైక్ వెబ్‌స్టర్ అను అమెరికా ఫుట్‌బాల్ ఆటగాని మృతదేహమును పరీక్షించి, పైకి మామూలుగ కనబడిన మెదడులో టౌ అను ప్రోటీను పేరుకొనియుండుట కనుగొనెను. ఈ వ్యాధిని క్రానిక్ ట్రామాటిక్ ఎన్‌సెఫలోపతి యందురు. మరపు, కోపము, దిగులు, తుదకు తెలివి మందగించుట దీని లక్షణములు. బ్రతికియున్నవానిలో దీనిని నిశ్చయముగ తేల్చు పరీక్ష యింకను లేదు. మరణానంతరము మెదడును చూచియే నిర్ధారింతురు. దిమ్మ తిరుగనంతటి చిన్న దెబ్బలును వేలకొలది చేరి ఈ కీడు చేయునని నేడు శాస్త్రజ్ఞులు భావించుచున్నారు.

ఇంగ్లండులో జెఫ్ ఆస్ల్ అను ఫుట్‌బాల్ ఆటగాడు తలతో బంతిని కొట్టుటలో మేటి. ఆయన మతిమరపు వ్యాధితో కృశించి 2002లో 59వ యేట మరణించెను. బరువైన బంతులను తలతో కొట్టుటవలన వచ్చిన వృత్తిరోగమని అక్కడి మరణవిచారణాధికారి తీర్పు చెప్పెను. 1966లో ప్రపంచ కప్పు గెలిచిన ఇంగ్లండు జట్టునందు అయిదుగురు వార్ధక్యమున మతిమరపు వ్యాధి పాలైరి. 2019లో గ్లాస్గో నగర వైద్యులు 7,676 మంది పాత స్కాట్లండు ఆటగాండ్ర మరణ పత్రములను సామాన్యుల పత్రములతో సరిచూచిరి. మెదడు క్షీణించు జబ్బులతో మరణించుట ఆటగాండ్రలో సుమారు మూడున్నర రెట్లు అధికమని తేలెను. 2021లో మరల లెక్క చూడగా, తలతో బంతిని అంతగా కొట్టని గోలుకీపర్లకు ఈ ప్రమాదము సామాన్యులకు దరిదాపుగనే యుండెను. రక్షణ ఆటగాండ్రకు సుమారు అయిదు రెట్లుండెను. లెక్కలు వ్రాయువాడను గనుక రెండవ ప్రక్కయు చెప్పవలెను. ఆ ఆటగాండ్రు గుండె జబ్బుతో మరణించుట సామాన్యులకంటె తక్కువ. ఆటవలన దేహమునకు జమ ఉన్నది. ఖర్చు తలవైపున పడుచున్నది. ఖర్చు తగ్గించుకొన్నచో జమ మిగులును.

కావున ఆటలు మానుడని నేను చెప్పను. నిజామాబాదు ఆడబిడ్డ నిఖత్ జరీన్ 2022లోను, 2023లోను ముష్టియుద్ధమున ప్రపంచ విజేత యైనప్పుడు నేను అందరితోపాటు మిఠాయి పంచితిని. మన ప్రక్కనున్న గచ్చిబౌలి స్టేడియమున తెలుగు టైటాన్సు ఆడునప్పుడు మన పిల్లల కన్నులలోని మెరుపును నేనెరుగుదును. ఆ మెరుపు ఉండవలెను. నియమమును ఉండవలెను.

"నియమమనగ పిరికితనము కాదా?" అని యువకులడుగుదురు. భారతము విప్పి చూడుడు. భీమ దుర్యోధనులు ఒకరినొకరు చంపుకొనుటకే గదలు పట్టి నిలిచిరి. అప్పుడును నాభికి క్రింద కొట్టరాదను నియమముండెను. అది తప్పినందుకే బలరాముడు నాగలి యెత్తెను. చంపుకొనుటకు నిలిచినవారికే నియమమున్నప్పుడు, పండుగనాడు ఆడుకొను పిల్లలకు నియమముండుట పిరికితనమగునా? మన ఆయుర్వేదమున సుశ్రుతుడు దేహమందు 107 మర్మస్థానములు లెక్కించెను. చరకుడు వానిలో శిరస్సు, హృదయము, వస్తి అను మూడింటిని ప్రధానముగ చెప్పెను. తల మర్మస్థానమని మన పెద్దలకు తెలియనిది కాదు. మనము మరచితిమి.

నేడు లోకమంతయు నియమములు మార్చుచున్నది. క్రికెట్టులో 2019 నుండి, తలకు దెబ్బ తగిలి దిమ్మ తిరిగినవానికి బదులు మరియొకనిని దింపవచ్చును. ఫుట్‌బాల్ నిబంధనలలోను 2024లో అట్టి యేర్పాటు చేరినది. స్కాట్లండులో 2020 నుండి పండ్రెండేండ్ల లోపు పిల్లలకు అభ్యాసమున తలతో బంతి కొట్టుట నేర్పుట మానిరి. మన కబడ్డీలో బదులు ఆటగాండ్రు గీత బయట కూర్చుండియే యుందురు. 1962లో రహీం గారికి లేని సౌకర్యము మనకున్నది.

కావున రేపటి పోటీలకు ఈ నాలుగు నియమములు పెట్టుకొందమని పెద్దలను ప్రార్థించుచున్నాను.

మొదటిది. తలకు దెబ్బ తగిలి, పైని చెప్పిన గురుతులలో ఒక్కటి కనబడినను, ఆనాడు వాడు మరల ఆడరాదు. సందేహము కలిగినను కూర్చుండబెట్టవలసినదే.

రెండవది. ఆ నిర్ణయము ఆటగానిది కాదు, జట్టు నాయకునిది కాదు. గెలుపు కోరువాడు న్యాయము చెప్పజాలడు. ఏ జట్టునకు చెందని పెద్ద యొకరు చెప్పవలెను. ఆ మాటకు తిరుగుండరాదు.

మూడవది. వానిని ఒంటరిగ ఇంటికి పంపరాదు. ఆనాడు మోటారు సైకిలు నడుపనీయరాదు. తల నొప్పి పెరుగుచున్నను, మాటిమాటికి వాంతులైనను, మూర్ఛ వచ్చినను, లేపిన లేవకున్నను, కాలుచేతులు పట్టు తప్పినను తడవు చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

నాల్గవది. ఒకటి రెండు దినములు విశ్రాంతి. పిదప మెల్లగ నడక, చదువు. బాధ పూర్తిగ తీరి, వైద్యుడు చూచి సరే యన్న పిదపనే పట్టులు పట్టు ఆట. ఈలోపల పిల్లవాడు తల పని చేయుటలేదని చెప్పినచో, తల్లిదండ్రులారా, నమ్ముడు. సోమరి యని తిట్టకుడు.

నేను రేపు మరల పాయింట్ల పుస్తకము పట్టుకొని కూర్చుందును. ఈసారి ప్రతి పుటకు ఒక గడి ఎక్కువ గీసితిని. ఎవనికి ఏ నిమిషమున తలకు దెబ్బ తగిలెనో, ఎవరు చూచిరో అందులో వ్రాయుదును. పోటీలు ముగిసిన పిమ్మట ఆ పుస్తకమును గ్రంథాలయమునకు అప్పగించెదను. మా తమ్ముడును వచ్చి నా ప్రక్కన కూర్చుండెదనని మాట యిచ్చినాడు. ఆ గడి చివరివరకు ఖాళీగ నుండవలెనని భగవంతుని ప్రార్థించుచున్నాను.