క్రోకే ఆట: పదములు, మెలకువలు



డుమస్ తీరమందలి నల్లని ఇసుక విహారమునకు తగును గాని క్రోకే ఆటకు తగదు. దానికి చదునైన పచ్చిక కావలెను. పూర్తి మైదానము పొడవు 35 గజములు, వెడల్పు 28 గజములు. అందు ఆరు ఇనుప కమానులు, నడుమ ఒక గుంజ యుండును. నీలము, నలుపు బంతులు ఒక పక్షమువి. ఎరుపు, పసుపు బంతులు రెండవ పక్షమువి.

కొయ్యసుత్తి వంటి మాలెట్టుతో తన బంతిని కొట్టి వేరొక బంతిని తాకించుట ‘రోకే’. పిమ్మట తన బంతిని దానికి ఆనించి, రెండును కదలునట్లు కొట్టుట ‘క్రోకే’. ఆపై మరొక దెబ్బ లభించును. ప్రత్యర్థి బంతియు ఇట్లు మనకు సాధనమగుటయే ఈ ఆటలోని కీలకము. కమాను దాటినను ఒక దెబ్బ అదనము. ప్రతి బంతియు ఆరు కమానులను రెండేసి మారులు దాటి, తుదకు గుంజను తాకవలెను.

మాలెట్టును భుజముల నుండి గడియారపు లోలకమువలె ఊపవలెను. దెబ్బ ముగియువరకు తల ఎత్తరాదు. క్రోకేలో బంతికి తగిలిన వెంటనే మాలెట్టును నిలిపినచో ఎదుటి బంతి దూరము పోవును, తనది చేరువనే నిలుచును.

ఇందు బలముకంటె గురి మిన్న. కనుకనే డొరొతీ స్టీల్ పురుషులతో పోటీపడి 1925, 1933, 1935, 1936 సంవత్సరములలో బ్రిటిష్ ఓపెన్ విజేతగా నిలిచిరి. ఉద్యోగుల క్రీడోత్సవములలో గృహిణులు కేవలము ప్రేక్షకులుగా మిగులనక్కరలేని ఆట ఇది.