నూతన్ ప్రసాద్: మాట విరుపు

(మౌలాలిలో చేసిన స్మారకోపన్యాస పాఠం)



నూతన్ ప్రసాద్ గారి గురించి మాట్లాడమన్నప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది సినిమా కాదు, హెచ్‌ఏఎల్. 1945లో కైకలూరులో పుట్టిన ఆయన అసలు పేరు తాడినాధ వరప్రసాద్. సినిమాల్లోకి రాకముందు హైదరాబాదులో హెచ్‌ఏఎల్, అంటే హిందుస్థాన్ ఏరోనాటిక్స్, ఉద్యోగి. అక్కడే రంగస్థల నటుడు భానుప్రకాశ్ గారితో స్నేహం కుదిరి నాటకాల్లోకి దిగారు. ఏ.ఆర్. కృష్ణ గారి దర్శకత్వంలో ‘మాలపల్లి’ 101 సార్లు ఆడారు. పగలు ఉద్యోగం, రాత్రి రిహార్సల్. ఆ బతుకెలా ఉంటుందో డీజిల్ షెడ్డులో డ్యూటీ దిగి నేరుగా ఈ హాలుకే వచ్చిన మిత్రులకు నేను చెప్పక్కర్లేదు.

పరిషత్తు నాటకాలు నేనూ ఆడాను. మైకు నోటి దగ్గర ఉండదు, స్టేజి ముందు పైనుంచి వేలాడుతూ ఉంటుంది. వాక్యం చివరి అక్షరం మింగేశామా, వెనక వరసకు అందదు. అరిస్తే అందుతుంది, కానీ పాత్ర చచ్చిపోతుంది. మాటను ఎక్కడ విరవాలో, ఎక్కడ ఊపిరి బిగబట్టాలో తెలిసినవాడే అరవకుండా చేరుస్తాడు. అది పుస్తకంతో వచ్చే విద్య కాదు. ఆడగా ఆడగా గొంతుకు పట్టుబడుతుంది.

ఆ గొంతుతోనే ఆయన 1973లో ‘అందాల రాముడు’లోకి వచ్చారు. 1975లో ‘ముత్యాల ముగ్గు’. అందులో ముళ్లపూడి వెంకటరమణ గారి మాటలను రావు గోపాలరావు గారు చప్పరిస్తూ పలుకుతుంటే, పక్కన మరో గొంతు నిలబడటం మాటలు కాదు. నూతన్ ప్రసాద్ ఆయనతో పోటీకి పోలేదు. తన దారి తాను పట్టారు, నిత్య పెళ్లికొడుకు వేషంలో నిలిచారు. 1980లో ‘రాజాధిరాజు’లో సైతాను వేషం వేశారు. ‘నూటొక్క జిల్లాల అందగాడు’ అన్న మాట ఆయనదే అయిపోయింది. ఈ రోజుకీ ఆ మాటను ఆయన సాగతీత లేకుండా ఎవరూ అనలేరు. దుర్మార్గుడు, హాస్యగాడు, తండ్రి, రాజకీయ నాయకుడు, ఏ వేషమైనా ముందు చెవికి తెలిసేది, తర్వాతే కంటికి.

1989లో ‘బామ్మ మాట బంగారు బాట’ షూటింగులో ప్రమాదం జరిగింది. నడక పోయింది. చక్రాల కుర్చీలోంచే వేషాలు వేశారు. ఈటీవీ ‘నేరాలు ఘోరాలు’కు వ్యాఖ్యానం చెప్పారు. ‘కాళ్లు పోయినా గొంతు మిగిలింది’ అంటుంటారు చాలామంది. ఆ మాట నాకు కష్టంగా ఉంటుంది. మిగలడమేమిటి? ఆయన నటనకు మొదటినుంచీ ఆధారం ఆ గొంతే. హెచ్‌ఏఎల్ రోజుల్లో రాత్రుళ్లు కూడబెట్టుకున్న ఆస్తి అది. 2011 మార్చి 30న ఆయన పోయేదాకా చేజారలేదు.

‘నేరాలు ఘోరాలు’ వచ్చే రోజుల్లో మేము హౌసింగ్ బోర్డు కాలనీలో ఉండేవాళ్లం. ఆ కార్యక్రమం మొదలయ్యే వేళకు మా అమ్మ వంటింట్లో అంట్లు తోముతుండేది. ఆయన గొంతు వినపడగానే కుళాయి కట్టేసేది. సబ్బు చేతులతో అలాగే కూచుని వినేది.

‘ఇటొచ్చి చూడమ్మా’ అని పిలిచేవాణ్ణి.

‘వినపడుతోందిలేరా’ అనేది. ప్రకటనలు వచ్చాకే మళ్లీ కుళాయి తిప్పేది.