పాత కారు బేరం – కొత్త మోసం

(మచిలీపట్నంలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి నాకన్నా బాగా మాట్లాడగలవారు ఇక్కడ ఉన్నారు. నాకిచ్చిన కొద్ది నిమిషాలూ మన ఇంటి ముందు షెడ్డులో ఉన్న పాత కారు గురించి వినియోగించుకుంటాను. మనలో చాలామంది ఇళ్లలో ఇదే పరిస్థితి. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉన్నారు. మనకు చూపు తగ్గింది. రాత్రిపూట కరకట్ట మీద బండి నడిపే ధైర్యమూ తగ్గింది. "ఫోటోలు తీసి నెట్‌లో పెట్టండి నాన్నా, రెండు రోజుల్లో అమ్ముడైపోతుంది" అని అబ్బాయి ఫోనులో సలహా ఇస్తాడు. చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి.

పూర్వం పశువుల సంతలో ఎద్దును కొనాలంటే పళ్లు చూసేవారు, నడిపించి చూసేవారు. ధర మాత్రం తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని రహస్యంగా తేల్చుకునేవారు. ధర రహస్యం, సరుకు బహిరంగం. నేటి నెట్ బేరంలో ఇది తారుమారయింది. ధర లోకమంతా చూస్తుంది. సరుకూ కనబడదు, మనిషీ కనబడడు. మన చిలకలపూడి రోల్డుగోల్డు నగను గిల్టు నగ అని చెప్పే అమ్ముతారు కనుక అందులో మోసం లేదు. గిల్టును మేలిమి అని చెప్పి అమ్మితేనే మోసం. నెట్‌లో కొన్ని ప్రకటనలు ఈ రెండో రకం.

మొదట కొనేవారికి జరిగే మోసం చెబుతాను. రెండు లక్షలు పలికే కారు ఎనభై వేలకే అని ప్రకటన ఉంటుంది. ఫోను చేస్తే అవతలివాడు సైన్యంలోనో, విమానాశ్రయ భద్రతా దళంలోనో ఉన్నానంటాడు. బదిలీ అయిందని, అందుకే తొందరగా అమ్ముతున్నానని చెబుతాడు. యూనిఫాంలో ఫోటో, గుర్తింపు కార్డు, ఆర్.సి. కాపీ పంపుతాడు. అవన్నీ ఎవరివో కాజేసినవి. మన దేశంలో సైనికుడి మాటకున్న గౌరవమే వాడి పెట్టుబడి. తర్వాత బయానా అంటాడు, రవాణా ఖర్చు అంటాడు, గేటు పాసు అంటాడు. విడతకు ఐదు వేలో, పది వేలో వసూలవుతూనే ఉంటుంది. ముందు కట్టినది పోతుందేమోనన్న బెంగతో మనిషి తర్వాతి విడత కూడా కడతాడు. కారు మాత్రం రాదు. 2019, 2020 సంవత్సరాలలో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు రాజస్థాన్‌లోని భరత్‌పూర్ ప్రాంతం దాకా వెళ్లి ఇటువంటి ముఠాలను పట్టి తెచ్చారు. అమెరికాలోనూ ఇదే నాటకం నడిచింది. విదేశానికి బదిలీ అయిన సైనికుడి పేరుతో చవక కారు ప్రకటనలు వస్తున్నాయని అక్కడి ఎఫ్.బి.ఐ. కూడా ప్రజలను హెచ్చరించింది.

ఇక అమ్మేవారి బాధ. నేను నా పాత వ్యాగనార్‌ను ఒక వెబ్‌సైటులో అమ్మకానికి పెట్టినప్పుడు మొదటి వారం నలభైకి పైగా ఫోన్లు వచ్చాయి. సగం మంది కారు సంగతి అడగకుండానే "లాస్ట్ ప్రైస్ ఎంత?" అన్నారు. కొందరు చెప్పిన ధరలో సగానికి అడిగారు. ఆదివారం వస్తామని ఖాయం చేసినవారు ముగ్గురు. వచ్చినవారు ఎవరూ లేరు. ఇది మోసం కాదు, విసుగు మాత్రమే. అయితే ఈ విసుగే ప్రమాదం. పది రోజులు విసిగిన మనిషికి "అంకుల్, మీరు చెప్పిన ధరే ఇస్తాను, బేరం లేదు" అన్నవాడు దేవుడిలా కనబడతాడు. నాకూ అలాంటి ఫోను వచ్చింది. కారు చూడకుండానే అడ్వాన్సు పంపుతానని క్యూ.ఆర్. కోడ్ బొమ్మ పంపి, స్కాన్ చేస్తే డబ్బు పడుతుందన్నాడు. "డబ్బు నాకు రావాలంటే నేనెందుకు స్కాన్ చేయాలి బాబూ?" అని అడిగాను. ఫోను పెట్టేశాడు.

చదువు తక్కువవారే మోసపోతారనుకోవద్దు. 2021 ఫిబ్రవరిలో, అప్పటి ఢిల్లీ ముఖ్యమంత్రి అరవింద్ కేజ్రీవాల్ గారి కుమార్తె ఓ.ఎల్.ఎక్స్.లో పాత సోఫా అమ్మకానికి పెట్టారు. కొంటానన్నవాడు నమ్మకం కలగడానికి ముందు చిన్న మొత్తం పంపాడు. తర్వాత కోడ్ పంపాడు. స్కాన్ చేయగానే ఆమె ఖాతా నుంచి 20,000 పోయాయి. పొరపాటైందని, తిరిగి పంపుతానని చెప్పి మరో 14,000 లాగాడు. ఆమె అమ్మకందారు, డబ్బు రావలసిన మనిషి.

కాబట్టి ఒక్క సూత్రం గుర్తుంచుకోండి. యు.పి.ఐ. పిన్ నొక్కేది డబ్బు పంపడానికే. పుచ్చుకోవడానికి పిన్ అక్కరలేదు, స్కానూ అక్కరలేదు. మరొకరు మన ఫోనుకు "డబ్బు కోరుతూ" అభ్యర్థన పంపే పద్ధతిని కూడా ఈ మోసగాళ్లు వాడుకున్నారు. వ్యక్తుల మధ్య ఆ అభ్యర్థనలను 2025 అక్టోబరు 1 నుంచి నిలిపివేశారు. కానీ క్యూ.ఆర్. కోడ్ అలాగే ఉంది, మన వేలూ అలాగే ఉంది.

కారును పగటిపూట, నలుగురి ఎదుట చూపించండి. నమ్మకమైన మెకానిక్కును పక్కన పెట్టుకోండి. డబ్బు బ్యాంకు ఖాతాలో పడిందని మీ పాసుపుస్తకంలోనో, బ్యాంకు యాప్‌లోనో స్వయంగా చూసుకున్నాకే తాళం ఇవ్వండి. అవతలివాడు చూపించే మెసేజి రసీదు కాదు.

మోసం లేకుండానే మునిగే దారి ఇంకొకటి ఉంది. డబ్బు చేతికి వచ్చింది, కారు వెళ్లిపోయింది, బేరం అయిపోయిందనుకుంటాం. కాగితం మీద యజమాని ఇంకా మనమే. ఒక కేసులో రిజిస్టరులో పేరున్న వ్యక్తి తన కారును 2007లోనే అమ్మేశానన్నారు. ఆ కారు ఇంకా కొన్ని చేతులు మారింది. 2009 మే నెలలో ప్రమాదం జరిగింది. రిజిస్ట్రేషను ఎవరి పేరున ఉందో వారే నష్టపరిహారానికి బాధ్యులని 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పెన్షను మీద బతికే మనకు అటువంటి నోటీసు వస్తే ఏమవుతుందో ఆలోచించండి.

మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం, అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోగా అమ్మినవారు రవాణా శాఖకు తెలియజేయాలి. ఫారం 29, ఫారం 30 సంతకాలు పెట్టి ఊరుకోకండి. కొన్నవారి ఆధార్ కాపీ, డెలివరీ ఇచ్చిన తేదీ, సమయం రాసిన రసీదు దగ్గర ఉంచుకోండి. పేరు మారిందో లేదో మీరే విచారించి చూసుకోండి. డీలరుకు అమ్మేట్లయితే, రవాణా శాఖ ఇచ్చిన అధికార పత్రం ఉన్నదా అని అడగండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం, అటువంటి డీలరుకు బండి అప్పగించినట్లు ఫారం 29సి ద్వారా తెలియజేస్తే, ఆపై బాధ్యత డీలరుది.

ఇంత జాగ్రత్త పడినా జరగరానిది జరిగితే, వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఆలోచిస్తూ కూర్చోవద్దు. ఆ ఫిర్యాదు అందగానే, దొంగ ఖాతాలో డబ్బు ఇంకా ఉంటే దాన్ని ఆపమని బ్యాంకులకు కబురు వెళుతుంది. దొంగ ఆ డబ్బును గంటల్లోనే పది ఖాతాలకు మళ్లిస్తాడు. మనం ఆలస్యం చేసిన ప్రతి గంటా వాడికే లాభం. మీ బ్యాంకుకూ రాతపూర్వకంగా తెలియజేయండి, కాపీ ఉంచుకోండి.

చివరగా ఈ సంచిక చదివే కుటుంబ సభ్యులకు ఒక విన్నపం. ఇంట్లో పెద్దాయన మోసపోతే నోరు విప్పకపోవడానికి కారణం డబ్బు కాదు, పరువు. "ఇంత ఉద్యోగం చేసి ఇంతమాత్రం తెలియదా?" అనే మాట వినవలసి వస్తుందని భయం. ఆ ఒక్క మాట మీరు అనకుండా ఉంటే, ఆయన మొదటి గంటలోనే మీకు చెబుతారు. చెబితే డబ్బు దక్కే అవకాశం ఉంటుంది. సభ్యమిత్రులారా, మనం కూడా ఒకరికొకరం దాచుకోకుండా చెప్పుకుందాం. నెలనెలా కలిసినప్పుడు డి.ఎ. లెక్కలతోపాటు ఈ లెక్కలు కూడా మాట్లాడుకుందాం.