టైపు మిషను నుంచి బ్యాంజో దాకా
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి, కరువు భత్యం బకాయిల గురించి నా ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. పెన్షను చేతికొచ్చాక మిగిలిన రోజులన్నీ ఏం చేసుకోవాలన్న దాని మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను నిలబెట్టారు. నేను మూడేళ్ళుగా బ్యాంజో నేర్చుకుంటున్నాను. నేర్పే గురువు దగ్గరలో దొరకలేదు. నా అంతట నేనే కుస్తీ పడుతున్నాను.

బ్యాంజో అనగానే అమెరికావారి గుండ్రటి, తోలు బిగించిన వాయిద్యం అనుకోకండి. అది ఆఫ్రికా నుంచి బానిసలుగా తీసుకుపోయినవారి వాద్యాల్లోంచి పుట్టింది. మన ఖవ్వాలీ పార్టీల్లో, భజనల్లో బ్యాంజో అని పిలిచేది వేరు. దాని అసలు పేరు బుల్‌బుల్ తరంగ్. 1912లో జపానులోని నగోయాలో గోరో మోరితా అనే ఆయన టైపు మిషను మీటలను చూసి దీని మూలవాద్యాన్ని తయారుచేశారు. ఆ ఏడే అక్కడ తైషో చక్రవర్తి కాలం మొదలైంది కనుక తైషోగోతో అని పేరు వచ్చింది. అది మన దేశం చేరి బుల్‌బుల్ తరంగ్ అయింది, బలూచిస్తాన్‌లో బెంజు అయింది. జపానులో నేటికీ పెద్దవయసువారు బృందాలుగా కూర్చుని వాయిస్తుంటారు.

పొడుగాటి చెక్కపెట్టె, దాని మీద తీగలు, తీగల పైన వరసగా మీటలు. ఎడమచేత్తో మీట నొక్కితే అది తీగను కింది మెట్టుకు ఆనిస్తుంది. కుడిచేత్తో చిన్న బిళ్ళ పట్టుకుని తీగను మీటాలి. పక్కన శ్రుతి తీగలుంటాయి. వీణకైతే వేలికొసలు కాయలు కాయాలి. వయొలిన్‌కు మెట్లే లేవు, స్వరస్థానాన్ని చెవితో వెతుక్కోవాలి. ఇక్కడ శ్రుతి సరిచేసుకుంటే చాలు, స్వరం ఉన్నచోటే ఉంటుంది. కీళ్ళు పట్టేసే వయసుకు ఇది పెద్ద సదుపాయం.

మనలో చాలామంది టైపు లోయరు, హయ్యరు పాసైనవాళ్ళమే. నిమిషానికి 45 మాటలు కొట్టిన వేళ్ళివి. ఈ మీటల మీద చెయ్యి వేస్తే పాత స్నేహితుడు కనిపించినట్టే ఉంటుంది. కాని ఒక తేడా ఉంది. టైపు మిషను మీద కొట్టి వెంటనే వదలాలి. బ్యాంజో మీద స్వరం ఎంతసేపు పలకాలో అంతసేపూ నొక్కి పట్టుకోవాలి. ముందే వదిలితే మాట మధ్యలో గొంతు పట్టేసినట్టు ఆగిపోతుంది. ముప్పై ఆరేళ్ళ ఆఫీసు అలవాటును వేళ్ళ చేత మాన్పించడానికి ఆరు నెలలు పట్టింది.

మా సీతాఫల్‌మండిలో ఇళ్ళు గోడకు గోడ. పైవాటాలో పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్ళుంటారు. వాళ్ళు పొద్దున్నే యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్ళాకే పెట్టె తెరుస్తాను. స, రి, గ, మ అని చిన్న చీటీలు రాసి మీటల మీద అంటించాను. మొదట వారం ఆరోహణ, అవరోహణ మాత్రమే. తరవాత నడక నెమ్మదిగా ఉన్న పాటలు, ఒక్కొక్క పంక్తి చొప్పున. రోజుకు అరగంట, అంతే. చీటీలు ఒక్కొక్కటే పీకేశాను. చివరిది నిరుడు సంక్రాంతికి పోయింది.

దీని హద్దు కూడా చెప్పాలి. ఇందులో గమకం సరిగా పలకదు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ (1969-2014) పరాయి వాయిద్యం మీద కర్ణాటక సంగీతం పలికించారంటే, ఆయన వేలు నేరుగా తీగ మీద జారింది. బ్యాంజోలో వేలికీ తీగకూ మధ్య మీట అడ్డం. స్వరం మెట్టు మెట్టుగానే దిగుతుంది. కాబట్టి నేను కచేరీ చేస్తానని ఎవరూ భయపడనక్కరలేదు.

మరి వచ్చిందేమిటి? పిల్లలు దూరాన ఉన్నారు. మా ఇంట్లో మాటలు బి.పి. మాత్ర వేసుకున్నారా, కరెంటు బిల్లు కట్టారా అన్నంతవరకు వచ్చి ఆగిపోయాయి. ఒకనాడు ‘మల్లీశ్వరి’ (1951)లో సాలూరి రాజేశ్వరరావుగారు కట్టిన వరస ఒకటి వాయిస్తున్నాను. పాట పేరు ఎవరికీ చెప్పలేదు. పల్లవి అయ్యేసరికి వంటింట్లోంచి మా ఆవిడ చరణం అందుకుంది. తరవాత వచ్చి కూర్చుని, ఆ పాట చిన్నప్పుడు ఎవరింటి రేడియోలో విన్నదీ, లోపలికి రానివ్వకపోతే అరుగు మీదే నిలబడి విన్నదీ చెప్పింది. యాభై ఏళ్ళ కాపురంలో ఆ సంగతి నేను వినడం అదే మొదలు. ఇప్పుడు రోజూ ఒక పాట తనే చెబుతుంది. పాట వెనక ఏదో ఒక కబురుంటుంది. అరగంట సాధన గంటన్నర అవుతోంది.

నేర్చుకోవాలని ఉన్నవారు బుధవారం పదకొండు గంటలకు మా ఇంటికి రండి. నేను గురువును కాను, మూడేళ్ళు ముందు చేరిన విద్యార్థిని. వచ్చేటప్పుడు మీ ఇంట్లోవారికి ఇష్టమైన పాట ఏమిటో అడిగి రండి. చాలామందికి తెలిసి ఉండదని నా అనుమానం.