రైలు, ఏరు : మద్దెల లేని మేళము

బైలదిల్లా కొండల దిగువ కాపురమున్న తెలుగువారికి రైలుకూత క్రొత్తగాదు. ఇనుపరాయి నింపుకొని కిరండూలునుండి విశాఖపట్టణమునకు దిగు బండ్లు రేయింబవళ్లు నడచుచునే యుండును. అట్టి చెవులకు, రైలును ఏటిని ఒక్క పాటలో కలిపిన ముగ్గురు అమెరికా వాద్యకారులను పరిచయము చేయుట యుక్తమే.

ఆ పాట పేరు ‘ది ట్రెయిన్ అండ్ ది రివర్’. కూర్చినవాడు జిమ్మీ జుఫ్రీ. 1956 డిసెంబరులో రికార్డు చేయగా మరుసటి యేడు అట్లాంటిక్ కంపెనీవారు వెలువరించిరి. జుఫ్రీ క్లారినెట్టును, రెండు తీరుల సాక్సొఫోనులను మార్చి మార్చి ఊదును. జిమ్ హాల్ గిటారు, రాల్ఫ్ పేన్యా బాసు. అంతే. పియానో లేదు, డ్రమ్ములు లేవు.

మృదంగము లేని కచేరి యేమి కచేరి యని మనవా రడుగుట సహజము. జాజ్ అనగానే హోరు తలచువారే పలువురు. కాని 1940ల చివర తలయెత్తిన ‘కూల్’ బాణి వేగముకన్న నెమ్మదిని కోరినది. ఇందు లయ లేకపోలేదు, ముగ్గురు పంచుకొనిరి. గిటారు చక్రమువలె దొరలుచుండ బాసు క్రిందనుండి మోయును. క్లారినెట్టు మంద్రస్థాయిలో, ఊపిరి సవ్వడి సైతము వినబడునంత మెల్లగా పలుకును. తొడపై తాళము వేసి వినుడు: ఎవ్వరును కొట్టని దెబ్బ మీకే వినవచ్చును.

బస్తరు గోండుల వెదురు సులూరు నెరిగినవారికి ఇది వింతగాదు. దానిని నోట నూదనక్కరలేదు. చేతబట్టి త్రిప్పిన గాలియే పాడును. అడవిదారిని నడచువాని చేతి ఊపే దాని తాళము. రెంటికిని చుట్టరికము కలదనుట అతిశయోక్తి. గాని ఒకదానిని మెచ్చిన చెవి రెండవదానిని కాదనదు.

1958లో న్యూపోర్టు ఉత్సవమున జుఫ్రీ బాసును సైతము మాని, బాబ్ బ్రూక్‌మైయర్ ట్రాంబోనుతో ఇదే పాట వాయించెను. ‘జాజ్ ఆన్ ఎ సమ్మర్స్ డే’ చిత్రము దీనితోనే, నీటిపై ఆడు నీడలతో ఆరంభమగును. అయినను తొలి రికార్డులోని తీరుబడి దాని కబ్బలేదు.

దంతెవాడలో డంకినిని కలియు శంఖిని, ఇనుపరాతి బురదతో ఎఱ్ఱబారి పారిన యేండ్లు కలవు. రైలు బ్రతుకుదెరువు నిచ్చినది. ఏరు దాని వెల చెల్లించినది. జుఫ్రీ పాటలో మాత్రము ఒకదాని కొకటి చోటిచ్చును. వాద్యము మారినపుడెల్ల తక్కినవారు తగ్గి దారి నిత్తురు. ఏది రైలో, ఏది ఏరో విడదీయుట కష్టము.

ఇక రికార్డు తిరుగును. కిటికీలు మూయనక్కరలేదు. నడుమ బండి వచ్చినచో రానిండు.