పెరటి కొలనుకు పంపు, వడపోత
(ఒక గ్రామ సభలో గావించిన ప్రసంగ పాఠము)



పెరటిలో చిన్న కొలను కట్టించి, అందు తామరలు నాటి, నాలుగు చేపలను పెంచవలెనను కోరిక నేడు పల్లెలలో కూడ అనేకులకు కలుగుచున్నది. కోరిక మంచిదే. కాని కొలను కట్టించుట సులభము. అందలి నీటిని నిర్మలముగా నిలుపుట కష్టము. మొదటి నెలలో అద్దమువలె నున్న నీరు మూడవ నెలలో పచ్చబడుటయు, ఒకనాటి వేకువను చేపలన్నియు చచ్చి తేలుటయు పలువురు చూచినదే. అట్టి నష్టము రాకుండ పంపును, వడపోతను ఎట్లు ఎంచుకొనవలెనో నేడు మనవి చేసెదను.

ఊరి చెరువుకు పంపు లేదు, వడపోత లేదు. అయినను అందు చేపలు బ్రతుకుచున్నవి గదా యని మీరడుగవచ్చును. చెరువు విశాలమైనది. గాలి తాకిడికి దాని నీటిలో ప్రాణవాయువు చేరుచుండును. అడుగునున్న బురదయు, గట్టునున్న తుంగయు మాలిన్యమును హరించుచుండును. పెరటి కొలనుకు ఈ సదుపాయములు లేవు. ప్రకృతి చేయు ఆ పనిని అచట మనమే చేయవలెను.

మొదట కొలను ఎన్ని లీటర్లదో లెక్కింపుడు. పొడవు 3 మీటర్లు, వెడల్పు 2 మీటర్లు, లోతు 1 మీటరు అయినచో అది 6 ఘనపు మీటర్లు, అనగా 6,000 లీటర్లు. చేపలున్న కొలనులో నీరంతయు రెండు గంటలకొకసారి వడపోతగుండ పోవుట మేలు. కావున మనకు గంటకు 3,000 లీటర్లు తోడు పంపు కావలెను.

ఇచ్చటనే పలువురు పొరపడుచున్నారు. పంపు పెట్టెపై పెద్ద అక్షరములతో వ్రాసిన అంకె, నీటిని ఏ మాత్రము ఎత్తనప్పుడు వచ్చు ధార. ఎత్తు పెరిగిన కొలది ధార తగ్గును. పెట్టెపై వ్రాసిన గరిష్ఠపు ఎత్తున చుక్కయైనను రాదు. ఎత్తును పంపు ఉన్న చోటునుండి గాక, కొలనులోని నీటి మట్టమునుండి నీరు పైన పడు చోటు వరకు కొలువవలెను. గొట్టము సన్ననిదైనను, వంపులు హెచ్చైనను ధార మరికొంత తగ్గును. కనుక “ఒకటిన్నర మీటరు ఎత్తున గంటకు 3,000 లీటర్లు వచ్చునా?” యని అంగడివానిని అడుగుడు. ఆ వివరము తెలుపు పట్టికను చూపుమనుడు.

ఇంటనున్న అర గుర్రపు శక్తి మోటారునే వాడుదమని కొందరనుకొందురు. ఆలోచింపుడు. ఈ పంపు రాత్రింబవళ్లు నడువవలసినది. 50 వాట్ల కొలను పంపు రోజుకు 1.2 యూనిట్లు, నెలకు 36 యూనిట్లు కాల్చును. అర గుర్రపు శక్తి మోటారు రోజుకు తక్కువలో తక్కువ 9 యూనిట్లు, నెలకు దాదాపు 270 యూనిట్లు కాల్చును. చవకయని తలచినది నెలనెల భారమగును.

ఇక వడపోత. దీనికి రెండు పనులు గలవు. చెత్తను, నాచును పట్టుట మొదటిది. కంటికి కనబడని విషమును హరించుట రెండవది. చేపలు అమ్మోనియాను విసర్జించును. కంకరపై పెరుగు సూక్ష్మజీవులలో కొన్ని దానిని నైట్రైటుగను, మరికొన్ని ఆ నైట్రైటును నైట్రేటుగను మార్చును. మొదటి రెండును చేపలకు విషములు. మూడవది అంత హానికరము గాదు, మొక్కలకు ఆహారము. ఈ జీవుల గుణమును వినోగ్రాడ్‌స్కీ యను రష్యా శాస్త్రజ్ఞుడు 1890 ప్రాంతమున నిరూపించెను.

200 లీటర్ల పీపాతో ఈ వడపోతను ఇంటనే అమర్చుకొనవచ్చును. నీరు ముందు స్పాంజిగుండ పోయి, పిమ్మట పీపా అడుగునుండి కంకర, ఇటుక ముక్కల నడుమ పైకి లేచి, అచటినుండి సన్నని జలపాతమువలె కొలనులో పడవలెను. అట్లు పడునప్పుడు ప్రాణవాయువును కలియును. సన్నని ఇసుక త్వరలో పూడుకొనిపోవును గనుక వలదు. బురదను వదలుటకు పీపా అడుగున కుళాయి యుండవలెను. పంపును కొలను అడుగున ఇటుకపై నుంచుడు. గొట్టము ఊడినను చేపలకు కొంత నీరు మిగులును.

సూక్ష్మజీవులు కుదురుకొనుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. అంతవరకు కొద్ది చేపలనే వదలుడు, మేత మితముగా వేయుడు. స్పాంజిని కొలను నీటితోనే కడుగుడు. క్లోరిన్ కలిసిన కుళాయి నీరు సూక్ష్మజీవులను చంపును.

నీరు వేడెక్కిన కొలది ప్రాణవాయువు తగ్గును. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు ఇముడును. 30 డిగ్రీల నీటిలో ఏడున్నర మాత్రమే. తెల్లవారుజామున అది మరింత తగ్గును. కావున వేసవి రాత్రి విద్యుత్తు పోయినచో ఊరకుండరాదు. బ్యాటరీ గాలి పంపు నుంచుకొనుడు. లేనిచో కొలను నీటినే బిందెతో ముంచి ఎత్తునుండి పోయుచుండుడు. పంపు చాల గంటలు ఆగినచో, పీపాలో క్రుళ్లిన నీటిని బయటికి వదలి పిమ్మట నడుపుడు.

అన్నిటికంటె ముఖ్యమైనది ప్రాణరక్షణ. నీరు, విద్యుత్తు కలిసిన చోట ఏమరుపాటు తగదు. ఎర్తింగు సరిగా నుండవలెను. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికి ఆగిపోవు రక్షణ స్విచ్చి లేనిదే పంపును నడుపరాదు. తీగకు నీటిలో అతుకు వేయరాదు. స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసిన పిమ్మటనే నీటిలో చేయి పెట్టుడు. పసిపిల్లలున్న ఇంట కొలను చుట్టు కంచె తప్పనిసరి. నిలువ నీటిలో దోమలు పెరుగును. కదలు నీటిలో అవి గ్రుడ్లు పెట్టుట అరుదు, మూలలలో పుట్టిన పిల్లలను చేపలు తినును. మంచి పంపు ఇంటివారి ఆరోగ్యమునకు కూడ రక్షయని గ్రహింపుడు.

కావున అంగడికి పోవుటకు ముందు కొలనులోని లీటర్లు, నీరు ఎక్కవలసిన ఎత్తు, నెలకు భరింపగల యూనిట్లు — ఈ మూడు అంకెలను కాగితముపై వ్రాసికొనుడు. అవి మీ చేతనున్నచో మీ సొమ్ము వృథా కాదు, మీ చేపలు చావవు.